టీచరు గారి గచ్చు కింద గాలి

ఒట్టేసి చెబుతున్నానర్రా, ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. దెయ్యాలంటే నవ్వే రకాన్నని మీకు తెలుసు కదా. ఆ రాత్రి మాత్రం... ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నా ఉద్యోగం రేడాన్ కొలవడం. నేలలోంచి వచ్చే గాలి అది. రంగుండదు, వాసనుండదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు కేన్సర్ రావచ్చు. కొన్ని పాత గనుల దగ్గర పారబోసిన మట్టిలో ఎక్కువ. కొవ్వూరు అవతల పల్లంలో ఒక రిటైర్డు టీచరు గారున్నారు. పల్లంలో ఇల్లంటే ముందు మెరక చెయ్యాలి కదా. వాళ్లాయన మెట్ట వైపు నుంచి అలాంటి గని మట్టినే లారీల మీద తోలించారు, ఊరికే వస్తోంది కదా అని. ఇప్పుడాయన లేరు. ఆవిడ ఒక్కరే ఆ గచ్చు మీద చాప వేసుకుని పడుకుంటారు.

"వాన పడితే ఆయన వస్తారు బాబూ. నిట్టూరుస్తారు. అదే నాకు తోడు," అన్నారు, నేను కొలవడానికి వెళ్లిన రోజు.

నాకు విసుగొచ్చింది. వానకి పెరటి మట్టి నీళ్లు పట్టేస్తుంది. గాలికి పైకి దారుండదు. ఇంటి కింద పొడి మట్టిలోకి పాకి, గచ్చు పగుల్లోంచి చప్పుడు చేస్తూ వస్తుంది. అంతే కదా! అది చూపిద్దామనే, వాన పట్టిన రాత్రి మీటరు గొట్టం పగులు దగ్గర పెట్టి కూర్చున్నాను.

వాన ముదిరింది. అంకె ఎక్కుతోంది... కరెంటు పోయింది. మీటరు వెలుగొక్కటే. అప్పుడు వినిపించింది. హు...మ్మ్... పని చేసి అలిసిపోయిన మనిషి కూలబడ్డట్టు. సరిగ్గా నా మోకాలి పక్కన. భయమేసిందర్రా.

చాప మీంచి టీచరు గారు మెల్లగా అన్నారు, "ఏవండీ, కంగారు పడకండి. ఇల్లు చూడ్డానికొచ్చిన అబ్బాయి. మీరు పడుకోండి."

చప్పుడు ఆగింది. అంకె... దిగడం మొదలెట్టింది. బయట వాన దంచుతూనే ఉంది. అలా దిగకూడదు. మీటరు తప్పేమో అని తర్వాత పరీక్ష చేయించాను, బాగానే ఉందన్నారు.

పొద్దున్నే చెప్పేశాను, పగులు మూసెయ్యకపోతే మీ ప్రాణానికే ముప్పండీ అని.

"మూసేస్తే ఆయన ఎటు వెళ్తారు?"

తాపీ మేస్త్రిని పిలిపించి మూయించాను. ఆవిడ గుమ్మంలో నిలబడి చూశారు. వద్దనలేదు.

ఇప్పుడు వాన పడితే ఫోన్ చేస్తారు. నా మీద కోపమేం లేదు. "ఇల్లంతా ఖాళీగా ఉంది బాబూ, కాసేపు మాట్లాడు," అంటారు. అది ఉత్త గాలేనండీ అందామనుకుంటాను... నోరు రాదు. నాకే తెలీదు కదా. ఆ వాన తగ్గేదాకా ఫోన్ పెట్టెయ్యను.