కూత ఆగాక పట్టిన పట్టు

కడుపులో ఒక మాట పెట్టుకుని ఇరవై ఏళ్ళకు పైగా తిరుగుతున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. రాద్దామంటే కుదురుగా కూర్చోలేకపోతున్నాను. రెండు వాక్యాలు రాయడం, లేచి వరండాలో పచార్లు చేయడం. ఇదీ వరస.

నేను ఏలూరులో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పే కోచ్‌ని. అంతకుముందు ఆటగాణ్ణి. ఉద్యోగం, పెళ్ళి, ‘మాస్టారూ’ అనే పిలుపు, అన్నీ ఆటే ఇచ్చింది. అవన్నీ తాడేపల్లిగూడెంలో జరిగిన ఒక సెలక్షన్ ఆటతో మొదలయ్యాయి. ఆ ఆటలో నేను నాగరాజు మోకాలు పాడుచేశాను.

నాగరాజుది కొల్లేటి ఒడ్డున ఊరు. ఇద్దరం ఒకే జట్టులో పెరిగాం, ఒకే కంచంలో తిన్నాం. అతను కూతకు వెళితే ఎదుటివాళ్ళ గుండెలు జారిపోయేవి. నేను పట్టు పట్టేవాణ్ణి. ఆ రోజు మమ్మల్ని చెరో జట్టులో వేశారు. రాష్ట్ర జట్టులో ఒకటే చోటు మిగిలింది. అది మా ఇద్దరిలో ఒకరికే. అతను కూతకు వచ్చాడు. కాలు పట్టుకున్నాను. గీత వైపు గుంజుకుంటున్నాడు.

కబడ్డీ తెలియనివారికి ఒక మాట. కూత ఆగితే వచ్చినవాడు అవుటు. ఆ క్షణమే పట్టు వదిలెయ్యాలి. విజిల్ కోసం చూడకూడదు. జనం గోలలో అంపైరుకు వినపడకపోవచ్చు గానీ, కాలు పట్టుకున్నవాడికి కూత ఆగిందని తెలుస్తుంది.

నాకు తెలిసింది. నాగరాజు ఒళ్ళు వదిలేశాడు, నేను వదులుతానని నమ్మి. నేను వదల్లేదు. మెలితిప్పాను. ఎందుకు? ఆవేశమా? అలవాటా? ఇన్నేళ్ళలో దానికి ఎన్ని పేర్లు పెట్టుకున్నానో! అన్నీ అబద్ధాలే. ఈసారి అవుటైనా, మళ్ళీ లేచి ఆడితే ఆ చోటు ఇతనిదే అని అనుకున్నాను, ఇప్పుడు మీకు చెబుతున్నంత స్పష్టంగా అనుకున్నాను, అనుకునే తిప్పాను.

అందరూ ఆటలో తగిలిన దెబ్బ అన్నారు. నాగరాజూ అదే అన్నాడు. ఆస్పత్రిలో నా చేత్తో అన్నం తిన్నాడు. ఛీ, ఏం మనిషినండీ నేను!

అతను మళ్ళీ ఆడలేదు. చేపల చెరువుల మీద పనికి కుదిరాడు. కిందటేడు కూతురు దివ్యని తెచ్చి నాకు అప్పగించాడు. మంచి ఆట ఆ పిల్లది. ‘కూత ఆగితే వదిలెయ్యాలమ్మా’ అని చెప్పినప్పుడల్లా ఆ పిల్ల మొహం చూడలేక గీత వైపు తిరిగిపోయేవాణ్ణి.

మొన్న దివ్యని క్యాంపుకు పంపమని అడగడానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. గట్టు పక్కన పడవలో కూర్చుని చేపల మేతకు సంచుల్లో తవుడు నింపుతున్నాడు. ఆ కాలు వంగదు, చాపుకునే కూర్చుంటాడు. నన్ను చూడగానే మొహం చాటంత చేసుకున్నాడు.

“ఒరేయ్, రారా! మా దివ్యకి ఆ పట్టు నేర్పావా లేదా? గూడెంలో నన్ను పట్టావే, అదిరా పట్టంటే! నా మోకాలే పనికిమాలింది గానీ.”

ఇక ఆపుకోలేకపోయాను.

“నీ కూత ఆగిందిరా నాగరాజూ. నాకు తెలుసు. తెలిసే తిప్పాను. ఆ చోటు కోసం.”

అతను తలెత్తలేదు. సంచి మూతి కట్టాడు. ఇంకోటి తీసి నింపాడు. నేను గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. తిట్టరా, కొట్టరా, ఏదో ఒకటి అనరా అని లోపల్లోపల బతిమాలుకుంటున్నాను. ఆ సంచి మూతి కూడా కట్టాక అన్నాడు.

“అమ్మాయికి చెప్పకండి. ఆట మానేస్తుంది. ఈ చుట్టుపక్కల నేర్పేవాళ్ళు మీరు తప్ప ఎవరున్నారండీ?”

నాగరాజు నన్ను ఎన్నడూ ‘మీరు’ అనలేదు.

క్షమించమని అడగలేదు. అడిగే మొహం ఎక్కడిది? అయినా చెప్పాను. అతనికి చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పాను. తిరిగి వస్తూ ఇన్నేళ్ళకు గుండె నిండా గాలి పీల్చుకున్నాను. అందుకూ సిగ్గేసింది.

రేపు పొద్దున్నే దివ్య ప్రాక్టీసుకు వస్తుంది. కోర్టులోకి దిగేముందు వంగి నా కాళ్ళకు దణ్ణం పెడుతుంది. వాళ్ళ నాన్న నేర్పిన అలవాటు అది. నేను కదలకుండా నిలబడాలి.