కనిపించని ఎర్ర బటన్

కళ్యాణదుర్గంలో ఎరువుల అంగడి పైగదిలో హేమ వెబ్ పేజీలు తయారుచేస్తుంది. పిరికి మనిషి. తన ఫోన్‌లో బాగున్న పేజీ ఇంకొకరి ఫోన్‌లో ఎట్లుంటుందోనని ఎప్పుడూ దిగులే. పేజీలో ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పే సీఎస్ఎస్ ఒకటే, చదివే బ్రౌజర్లది మాత్రం పుర్రెకో బుద్ధి. అందుకే పాత ఫోన్లు అడిగి తెచ్చుకుని మరీ చూసేది.

"పాతవి ఇంకెవురి దగ్గరుండాయి? నీడను చూసి ఉలిక్కిపడతాండావు గదమ్మా," అని అంగడి సుంకప్ప నవ్వేవాడు. భయపడేవాళ్లను చూసి నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

ఆ నవ్వుకు సిగ్గుపడి, ఈసారి కొత్త ఫోన్లలోనే చూసి పేజీని వదిలింది. అది పాము కరిచినవాళ్ల కోసం ఒక చిన్న ఆసుపత్రి చేయించుకున్న పేజీ. స్క్రీన్ అడుగున ఎర్ర బటన్ నొక్కితే ఆసుపత్రి బండికి ఫోన్ పోతుంది.

శనక్కాయ పెరికే రోజుల్లో హేమకు పల్లె నుంచి అమ్మ తిరుపాలమ్మ ఫోన్ చేసింది.

"మీ నాయనకు పాము కరిచిందే! నీ పేజీ తెరిచినా. బటన్ యాడుండాది?"

"కిందుంటాదిమ్మా, ఎర్రగా."

"లేదే! ఎంత జరిపినా బొమ్మలే వస్తాండాయి!"

హేమకు అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ చేతిలో ఉన్నది తను వాడి ఇచ్చిన పాత ఫోన్. మా వైపు పెద్దలకు ఫోన్ ఇస్తూ ఒక బుద్ధి కూడా చెబుతారు: అప్‌డేట్ అని వస్తే ముట్టుకోవద్దు, పాడైపోతుంది. హేమ కూడా అదే చెప్పింది. ఆ బ్రౌజర్ అప్పటి దగ్గరే ఆగిపోయింది. బటన్‌ను అడుగున అతుక్కోమని హేమ కొత్త పదంతో రాసింది. తెలియని పదం వస్తే పాత బ్రౌజర్ అడగదు, అరవదు, దాటేసి పోతుంది. బటన్ స్క్రీన్ అంచుకు కింద, కనబడని చోటే ఉండిపోయింది. పేజీ జరిపితే కదలొద్దన్న పాత పదం మాత్రం దానికి తెలుసు, అందుకే ఎంత జరిపినా పైకి రాదు.

బండికి హేమే ఫోన్ చేసింది. నాయన జయరాం బతికాడు.

ఆసుపత్రిలో ఆయన మంచం పక్కనే కూర్చుని, హేమ ముందు పాత పదాలు, వాటి కింద కొత్తది రాసింది. ఏ బ్రౌజర్‌కు ఏది తెలిస్తే అది చదువుకుంటుంది.

"కనబడిందే!" అని తిరుపాలమ్మ సంబరపడింది.

హేమకు ఏడుపొచ్చింది. వానలు మొదలైనప్పటి నుంచి ఆ పేజీ ఊళ్లలో తిరుగుతోంది. ఇట్లాంటి ఫోన్ ఇంటికొకటి ఉంది. బటన్ యాడుండాదని అడగడానికి అమ్మకు హేమ ఉంది. మిగతావాళ్లు ఎవరిని అడిగారో?