ఆవకాయ జాడీలో రొయ్య పిల్లలు

రాజాంలో బట్టల కొట్టు రంగనాథానికి తండ్రి నుంచి వచ్చింది. బేరం ఆడటం మాత్రం రాలేదు. ధర చెప్పి, ఎదుటివాడు మొహం చిట్లిస్తే తనే తగ్గించేసేవాడు. నలభై ఏళ్లొచ్చినా గల్లాపెట్టె దగ్గర వేరేవాళ్ల చోట్లో కూర్చున్నట్టే ఉండేది ఆయనకి.

అరవై ఆరులో చీరల కోసం కలకత్తా వెళ్లినప్పుడు ఒక సందులో చేపలమ్మే దుకాణం కనబడింది. తినే చేపలు కాదు, పెంచుకునేవి. గాలిపటంలా నిలువుగా, ఒంటి మీద నల్లచారలతో ఉన్న రెండు జతల్ని కొని, రేకు డబ్బాలో నీళ్లు పోయించి, మెయిలు రైల్లో చీపురుపల్లి దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. కొట్లో గాజుతొట్టి కట్టించాడు. సంతకొచ్చిన జనం ఆగి చూసి, చూసినందుకైనా ఒక తువ్వాలు కొనేవారు. రంగనాథం మొదటిసారి కొట్టుకి ఇష్టంగా వెళ్లసాగాడు.

ఇంట్లో నీచు వాసన కూడా తగలకూడదు. తల్లి నారాయణమ్మ ఒక్క మాటే అంది. "అవి కొట్లోనే ఉండాలి. గడప దాటి లోపలికి రాకూడదు."

మరుసటి ఏడు మాఘంలో చేపలు గుడ్లు పెట్టాయి. పిల్లలయ్యాయి గానీ నాలుగు రోజులకే తెల్లబడి అడుక్కి దిగిపోయాయి. రెండోసారీ అంతే. కలకత్తా దుకాణదారుకి ఉత్తరం రాస్తే చిన్న డబ్బా పంపించాడు. తెరిస్తే ముక్కుపొడుంలాంటి పొడి. అవి రొయ్య జాతి పురుగు గుడ్లట. ఎన్నేళ్లు ఎండినా చావవట. ఉప్పునీళ్లలో వేసి వెచ్చగా ఉంచి, గాలి పెడుతూ ఉంటే ఒకటిన్నర రోజులో పొదుగుతాయి. చేప పిల్లలు కదిలే మేతనే తింటాయని రాశాడు.

కొట్టుకి తాళం వేశాక గాలి కొట్టేవాళ్లుండరు. అందుకని పెరట్లో నీళ్ల పొయ్యి ఉన్న పాకలో, కట్టెల వెనక, ఒక గాజు సీసాలో మొదలుపెట్టాడు. సీసా నీళ్లకి రెండు చెంచాల నౌపడ ఉప్పు. సైకిలు ట్యూబులో గాలి నింపి, సన్నటి గొట్టంతో కొంచెం కొంచెంగా నీళ్లలోకి వదిలేవాడు. మర్నాటి సాయంత్రానికి నీళ్లలో నారింజరంగు చుక్కలు ఈదాయి. వాటిని పల్చటి మల్లుగుడ్డలో వడగట్టి, మంచినీళ్లతో కడిగి, ఇంకు ఫిల్లరుతో, మూడోసారి పుట్టిన పిల్లలున్న తొట్టిలో వదిలాడు. సూదిమొనంత చేప పిల్లల పొట్టలు ఎర్రబడ్డాయి.

ఈ సంగతి ఇంట్లో ఒక్క మరిడమ్మకే తెలిసింది. పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో అంట్లు తోమి, నీళ్లు తోడే మనిషి. పొయ్యి రాజెయ్యడానికి కట్టెలు తీస్తూ సీసా చూసింది.

"ఇదేటి బావు? రొయ్యపొట్టులాగున్నాది. బతికున్నాది కూడాను."

రంగనాథం చెప్పాడు. అమ్మకి చెప్పవద్దని బతిమాలాడు.

"నానెందుకు సెప్తాను? ఈ గాలి ఎలాగ కొట్టాలో సూపించు. నువ్వు కొట్టుకెల్తే ఎవలు కొడతారు?"

ఆ రోజు నుంచి పగటిపూట ట్యూబులో గాలి తగ్గినప్పుడల్లా మరిడమ్మే పంపు కొట్టేది. చేప పిల్లలకి ఆకలి పెరిగి సీసా చాలకపోతే, రంగనాథం అటక మీది ఖాళీ ఆవకాయ జాడీ దింపి అందులో పొదిగించాడు.

వైశాఖం వచ్చింది. కొత్తావకాయకి నారాయణమ్మ జాడీలు లెక్క చూసుకుంటే ఒకటి తగ్గింది. వెతుక్కుంటూ పాకలోకి వెళ్లింది. ట్యూబు ఆ పూట పంచరుకి వెళ్లింది. జాడీ ఒక్కటే ఉంది. మూత తీస్తే ఉప్పునీళ్లు, నీచు వాసన, పైన తేలుతూ ఎర్రటి నలుసులు. ఆ ఇంటికొచ్చే వాళ్లలో చేపలూ రొయ్యలూ తినే మనిషి ఒక్కతే.

"ఏటే ఇది? నా ఆవకాయ జాడీలో రొయ్యపొట్టు నానబెట్టుకున్నావా?"

కారం దంచడానికొచ్చిన వీధి ఆడవాళ్లు అయిదారుగురు పెరట్లోనే ఉన్నారు. మరిడమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంది. కొట్టుకి బయలుదేరుతూ గుమ్మంలో నిలబడ్డ రంగనాథం వైపు ఒకసారి చూసింది.

"నీకేమైనా తెలుసా రా?" అని తల్లి కొడుకునడిగింది.

"నాకేటి తెలుసమ్మా," అన్నాడు రంగనాథం. అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చేసరికి జాడీ పెంకులు పెంటకుప్ప మీద ఉన్నాయి. మరిడమ్మ లేదు. ఇంకెవరూ ఆమెని పనిలో పెట్టుకోలేదని ఆ వారంలోనే తెలిసింది. సాయంత్రం చెబుదామనుకున్నాడు, రేపు చెబుదామనుకున్నాడు. మిగిలిన గుడ్లు, రాత్రుళ్లు అక్కడే పడుకుని గాలి కొడుతూ, కొట్లోనే సీసాల్లో పొదిగించాడు. చేప పిల్లలు నూటికి పైగా బతికాయి. ఊళ్లో డాక్టరు ఒకాయన చూసి మెచ్చుకున్నాడు. బొబ్బిలి నుంచి ఎవరో వచ్చి చూసి, ఏం మేత వేశావని అడిగారు. "గుడ్డు సొన," అన్నాడు రంగనాథం. మెచ్చుకున్న ప్రతిసారీ ఆయనకి చెవులు వేడెక్కేవి.

కార్తీకంలో బాకీ కోసం కాదు, బేరం కోసం కాదు, ఊరికే పొలాల వైపు నడిచి వెళ్లాడు. గోగుకట్టలు నానేసిన చెరువుల కంపు దారంతా కొడుతోంది. ఒక గుంటలో నడుంలోతు నల్లనీళ్లలో నిలబడి ఆడవాళ్లు నార ఒలుస్తున్నారు. వాళ్లలో మరిడమ్మ ఉంది. వేళ్లు నాని తెల్లగా ముడతలు పడ్డాయి. గట్టు మీద మల్లెపువ్వులాంటి పంచెలో నిలబడ్డందుకే ఆయనకి సిగ్గేసింది.

"ఏటి బావు, ఇలాగొచ్చినావు?"

"ఆ రోజు నువ్వెందుకు చెప్పలేదు, మరిడమ్మా?"

"నాను సెప్తే ఎవలు నమ్ముతారు? నువ్వున్నావు కదా, నువ్వే సెప్తావనుకున్నాను." నార జాడించి గట్టు మీద వేసింది. "ఇప్పుడైనా అమ్మకి సెప్పీసినావా?"

"ఇంకా లేదు."

"మరేటి ఇక్కడికొచ్చినావు? ఎల్లు," అంది. కోపంగా అనలేదు.

ఇంటికి వెళ్లి, భోజనాల వేళ, భార్య వింటుండగా తల్లికి అంతా చెప్పాడు. నారాయణమ్మ వడ్డిస్తున్న గరిటె కింద పెట్టింది.

"జాడీ పోతే పోయింది. ఇంట్లో పురుగుల్ని పెంచితే పెంచావు. నాకేటి తెలుసని అన్నావు చూడు," అంది. "ఆ మాట విని కదా మరిడమ్మని గెంటాను."

మర్నాడు నారాయణమ్మ తాంబూలం, కొత్త చీర పట్టుకుని, ఏనాడూ అడుగుపెట్టని మరిడమ్మ వీధికి నడిచింది. కొడుకుని వెనకాల రమ్మంది. ఆ వీధి జనం గుమ్మాల్లోకొచ్చి చూస్తుండగా, "తప్పు నీది కాదు, నా కొడుకుది. నాది కూడా," అంది. మరిడమ్మ చాప పరిచింది. తాంబూలం తీసుకుంది. చీర ఒద్దంది.

"పనికి రానమ్మా. నార పని అలవాటైపోనాది," అంది. రంగనాథంతో ఏమీ మాట్లాడలేదు.

చేపల్ని ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాడు గానీ వాటి తప్పేముందని ఉంచేశాడు. మేత సంగతి అడిగినవాళ్లకి ఉన్నదున్నట్టు చెప్పేవాడు, గాలి ఎవరు కొట్టారో, ఆమెకేం జరిగిందో అంతా. వినేవాళ్లు ఇబ్బందిపడి లేచి వెళ్లిపోయేవారు.

బజారులో ఎదురైతే మరిడమ్మ అందరినీ పలకరించినట్టే పలకరించేది.

"బాగున్నావా బావు?"

బాగున్నానని అనడానికి రంగనాథానికి ఎప్పుడూ కాస్త సమయం పట్టేది.