పొట్టేలు కొమ్ముల హ్యాండిల్

బోణీ కాకముందు కొట్టు వదిలితే అరిష్టం, బోణీ అయ్యాక వదిలితే నష్టం. సూర్యాపేటలో బియ్యం కొట్టు నడిపే రాజమౌళికి తండ్రి చెప్పిపోయిన మాట ఇది. తండ్రి పోయినా మాట పోలేదు. దూరాలు తొక్కాలని ముచ్చటపడి కొన్న సైకిలు ఇంతవరకూ దగ్గర్లోని మునగాల మొహం కూడా చూడలేదు.

అయినా ఆశ చావదు కదా. హాలియా మీదుగా సాగర్ దాకా పోవాలంటే ఎదురుగాలికి వంగి పట్టుకునే హ్యాండిల్ కావాలని, పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగినదాన్ని తెప్పించాడు. బస్తాల మధ్య కూర్చుని పాతది ఊడదీసి, కొత్తది గట్టిగా బిగించాడు. బ్రేకు వైర్లు కొత్త వంపు దాకా అందలేదు. మిర్యాలగూడ నుంచి పొడుగువి తెప్పించి బిగించాడు. పైన నల్ల టేపు చుడుతూ చుడుతూ, లేచి బియ్యం తూచి, మళ్లీ మొదటి నుంచి చుట్టాడు.

పని ముగిశాక కొట్టు లోపలే సైకిలెక్కి, ఒక కాలు బస్తాకు ఆనించి, వంగి కొమ్ములు పట్టుకున్నాడు. గడప అవతల హైవే వైపు పోయే రోడ్డు కనిపిస్తోంది. నష్టమైతే అయింది, ఇవాళ పోయి తీరాలనుకున్నాడు.

అంతలో భార్య శకుంతల వచ్చి హ్యాండిల్‌ను తేరిపార చూసింది.

"గిది మంచిగున్నది. పాతదానికైతే సంచులు జారిపోతుండె."

కొమ్ముకొకటి చొప్పున రెండు బియ్యం సంచులు తగిలించింది.

"పక్క బజార్ల ఇచ్చి జల్ది రా. గిరాకి ఉంటది."

రాజమౌళి సైకిలును గడప దాటించాడు. సంచులు ఇసుమంతైనా జారలేదు. ఆ కొమ్ముల్ని అంత గట్టిగా బిగించుకున్నవాడు తనే.