విఠలయ్య సేటు మెయిళ్లు ఎందుకు తిరిగొచ్చాయి

2023 మే నెల. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో యూనిఫాంలు, టైలు, బెల్టులు, బ్యాడ్జీలు అమ్మే పాత దుకాణం ఒకటుంది. బళ్లు తెరవడానికి ఇంకా మూడు వారాలుంది. ఏ బడికి ఏ సైజులు ఎన్ని కావాలి, బ్యాడ్జీ మీద అక్షరం ఎంత లావుండాలి అన్న ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ ఆ మూడు వారాల్లోనే మెయిల్లో నడుస్తాయి. సరిగ్గా అప్పుడే సేటు పంపిన మెయిళ్లు తిరిగి రావడం మొదలైంది.

నా పని మెయిల్ సర్వర్లు చూసుకోవడం. చిన్న చిన్న కంపెనీలు, దుకాణాలు నా గిరాకీ. పుట్టి పెరిగింది మాత్రం స్టీలు సామాన్ల దుకాణంలో. ఎదుటివాడు చెప్పిన మొదటి మాట నమ్మొద్దని, రెండో మాట సగమే నమ్మాలని ఎక్కాల కంటే ముందే నేర్చుకున్నాను. ఈ విద్య వల్ల బతుకంతా లాభపడ్డానని అనుకునేదాన్ని. ఈ ఒక్క కేసు ఆ లాభంలో చాలా భాగం వెనక్కి లాక్కుంది.

విఠలయ్య సేటు మా నాన్నకు తెలిసినాయన. ఫోన్ చేశాడు.

“పద్మా, నేను పంపిన మెయిళ్లన్నీ వాపస్ వస్తున్నయి బిడ్డా. అల్వాల్ బడి వాళ్లు ఫోన్ జేసి, సేటూ జవాబే లేదేంది, వేరే దుకాణం జూసుకోమంటవా అంటున్రు. ఎవడో నా మీద ఏదో జేసిండు.”

“ఎవరు చేస్తరు సేటూ?”

“ఎదురుంగ కొత్త దుకాణం పెట్టినోడు లేడా? వాడే.”

తిరిగొచ్చిన మెయిల్ ఒకటి చూశాను. విషయం తేలిపోయింది. చెత్త మెయిళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టి జాబితా రాసుకునే సంస్థలు కొన్ని ఉన్నాయి. ఆ జాబితానే బ్లాక్‌లిస్ట్ అంటాం. మెయిల్ బయల్దేరిన యంత్రం నంబరు ఐపీ అడ్రస్, మెయిల్ చిరునామాలో చివర ఉండే దుకాణం పేరు డొమైన్. ఈ రెండింటిలో ఏది జాబితాకెక్కినా అవతలి సర్వర్ మెయిల్‌ను గుమ్మం దగ్గరే ఆపి తిప్పి పంపేస్తుంది. సేటు ఐపీ మూడు జాబితాల్లో ఉంది, డొమైన్ ఒకదాంట్లో ఉంది.

పద్ధతి ప్రకారం ముందు కారణం వెతకాలి. దాన్ని సరిచేసి, ఆ తర్వాత పేరు తీసేయమని అడగాలి. దీన్ని డీలిస్టింగ్ అంటారు. నేను ముందే బేరం మొదలుపెట్టాను. “చిన్న వ్యాపారం, బళ్ల సీజను, కాస్త దయచూడండి” అని రాసి ఫారాలు నింపాను. ఒక జాబితా వాళ్లు వెంటనే వదిలేశారు. నా నోటి చలవే అనుకున్నాను. మూడో రోజు మళ్లీ ఎక్కించారు. ఈసారి కారణం రాయనిదే తియ్యం అన్నారు. ఇంకో జాబితా వాళ్లు ఫీజు కడితే తొందరగా చూస్తామన్నారు. ఫీజు మాట వినగానే నాలోని దుకాణందారు నిద్ర లేచాడు. అందులో సగం తగ్గించమని వాళ్లకు మెయిల్ రాశాను. సేటు దుకాణంలో కూర్చుని, సేటు మెయిల్ నుంచే రాశాను. అదీ తిరిగొచ్చింది. ఆ సంస్థ జాబితాలో ఉన్న చిరునామా నుంచే ఆ సంస్థతో బేరమాడబోయిన మనిషి నేను కాక ఇంకెవరైనా ఉంటారని అనుకోను.

అప్పుడు పనిలోకి దిగాను. ముందు సేటును అడగాల్సినవి అడిగాను.

“సేటూ, యాడ్లు గిట్ల పంపుతరా? ఒకేసారి మస్తు మందికి?”

“నాకు యాడ్లెందుకు బిడ్డా? నా పేరే యాడ్.”

సర్వర్ తన రోజువారీ పనిని ఒక చిట్టాలో రాసుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. ఎవరి పెట్టె నుంచి, ఎవరికి, ఎన్ని గంటలకు మెయిల్ పోయిందో అందులో ఉంటుంది. ఏం రాశారో మాత్రం ఉండదు. సేటు లాగ్ తెరిచాను. ప్రతిరోజూ ఒకే గుంపుగా తొమ్మిది వందల పైచిలుకు మెయిళ్లు పోతున్నాయి. పోతున్నది ‘అకౌంట్స్’ పెట్టె నుంచి. పంపుతున్నది దుకాణంలోని ఇంటర్నెట్ నుంచే. సమయం మూడూ ముప్పై అయిదు. తెల్లవారుజామున. వెళ్తున్నది ఎవరికో కాదు, బళ్లకు, క్లబ్బులకు, బొల్లారంలోని రిటైర్డ్ ఆఫీసర్లకు. అంటే అందరూ సేటు గిరాకీలే.

‘అకౌంట్స్’ పెట్టె చూసేది మార్త గారు. కోస్తా నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడిన కుటుంబం ఆమెది. పంతొమ్మిదేళ్లుగా ఆ దుకాణం లెక్కలు, ఉత్తరాలు ఆమె చేతి మీదుగానే నడుస్తున్నాయి. ఆమె తమ్ముడు రెండు నెలల కింద ఎదురు దుకాణంలో చేరాడు. నా బుర్ర ఈ రెండింటినీ తక్కెడలో వేసినంత సులువుగా తూచేసింది. ఆమె వెళ్లేముందు కంప్యూటర్‌లో టైమర్ పెట్టి పోతుంది, తెల్లవారుజామున ఎదురు దుకాణం రేట్లు మన గిరాకీలకు పోతాయి. ఎంత పక్కాగా కుదిరిందో.

ఒక్క గిరాకీకి ఫోన్ చేసి “మా నుంచి మీకు ఏం మెయిల్ వచ్చింది?” అని అడిగితే అయిదు నిమిషాల్లో తేలేది. అడగలేదు. ఇంట్లో ఏదో తేడా వచ్చిందని గిరాకీకి తెలియనివ్వకూడదని మా దుకాణాల్లో ఉగ్గుపాలతో పోస్తారు. సేటు కూడా వద్దన్నాడు.

“బయటోడు కాదు సేటూ, లోపలి మనిషే” అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఆ మధ్యాహ్నం సేటు ఆమెను పిలిచాడు. నేనూ అక్కడే కూర్చున్నాను.

“మార్తమ్మా, నీ డబ్బాలకెళ్లి దినాం గిన్ని మెయిళ్లు పోతున్నయంట. ఏందమ్మా గిది?”

“ఏ మెయిళ్లండీ?”

“నీకే తెల్వాలె. నీ తమ్ముడు ఎదురుంగనే ఉండె గదా.”

ఆమె కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. తర్వాత సేటును కాదు, నన్ను చూసింది.

“ఎన్నింటికి పోతున్నాయి?”

“తెల్లారుజామున మూడున్నర దాటాక” అన్నాను.

“రాత్రి సేటుగారు మెయిన్ స్విచ్ దించి తాళం వేసుకుని వెళ్తారండీ. ఆ కంప్యూటరు బ్యాటరీ చచ్చిపోయి రెండేళ్లయింది. కరెంటు లేకుండా నేను పెట్టిన టైమర్ ఎలా పనిచేస్తుందండీ?”

సేటు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉన్నాడు.

“గదంత తర్వాత జూద్దాం. తాళాలు గీడ పెట్టి ఇంటికి పోమ్మా. సీజను అయినంక మాట్లాడుదాం.”

ఆమె బీరువా తాళాలు తీసి బల్ల మీద పెట్టింది. టిఫిన్ డబ్బా తీసుకుంది. గడప దాటేముందు, “దర్జీకి ఆదివారం చెక్కు ఇవ్వాలండీ, మర్చిపోకండి” అంది. అంతే. సీజన్ తర్వాత ఆమెను మళ్లీ పిలవరని ముగ్గురికీ తెలుసు. పంతొమ్మిదేళ్ల ఉద్యోగం నేనన్న ఒక్క మాటతో పోయింది.

ఇంటికొచ్చాక మెయిన్ స్విచ్ సంగతి మనసును తొలుస్తూనే ఉంది. లాగ్ మళ్లీ తెరిచాను. అప్పుడు తట్టింది. సర్వర్లు మన గడియారం చూడవు, గ్రీనిచ్ సమయంలో రాసుకుంటాయి. మన సమయం తెలియాలంటే దానికి అయిదున్నర గంటలు కలపాలి. కొత్తగా పనిలో చేరినవాళ్లకు నేను చెప్పే మొట్టమొదటి పాఠం ఇది. మూడూ ముప్పై అయిదుకు అయిదున్నర కలిపాను. తొమ్మిదీ అయిదు, పొద్దున. మార్త గారు వచ్చేది తొమ్మిదిన్నరకు. దుకాణం షట్టరు తెరిచేది తొమ్మిదికి, సేటు ఒక్కడే.

మర్నాడు తొమ్మిదింటికి ఐదు నిమిషాల ముందే నేను వెళ్లి అక్కడ నిలబడ్డాను. సేటు షట్టరు ఎత్తాడు. గడప మీద నీళ్లు చల్లాడు. అగరొత్తి ముట్టించి దేవుడి పటాలకు, గద్దెకు, గుడ్డ కొలిచే గజం బద్దకు తిప్పాడు. తర్వాత కంప్యూటర్‌కు. అప్పుడు కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించి, తర్వాత ఒక వేలితో తెర మీద బటన్ ఒకటి నొక్కాడు.

“సేటూ, ఇప్పుడేం నొక్కిన్రు?”

“దండం పెట్టిన బిడ్డా.”

“ఎవరికి?”

“గిరాకీలకు. మా నాయిన దినాం పొద్దుగాల దుకాణం తెరువంగనే గిరాకీల పుస్తకం తీసి ఒక్కొక్క పేరు సదివెటోడు. పేరు సదివితె మనిషి యాదికి వస్తడు, యాదికి వస్తె దుకాణానికి వస్తడు అనెటోడు. నాకు గంత టైం లేదు. మా బామ్మర్ది కొడుకు గీ బటన్ పెట్టిచ్చిండు. ఒక్కసారి నొక్కితె అందరికి ‘శుభోదయం’ పోతది.”

“మీరు యాడ్లు పంపనన్నరు కదా.”

“యాడ్ ఎక్కడిది? దండం పెడితె యాడా?”

ఆయన అబద్ధమాడలేదు. నేను అడిగిన ప్రశ్నకు ఆయన దృష్టిలో అదే నిజం. అగరొత్తిని ఎవరైనా మెయిల్ అని లెక్కపెడతారా?

ఆ పట్టిక తెరిపించాను. బటన్ పెట్టిన పిల్లాడు దాన్ని ‘అకౌంట్స్’ పెట్టెకే తగిలించాడు, ఆ సంగతి సేటుకు తెలియదు. మొన్న ఉగాదికి పాత పుస్తకాల్లో, విజిటింగ్ కార్డుల్లో ఉన్న చిరునామాలన్నీ అందులోకి ఎక్కించమన్నాడట. టైప్ చేసింది మార్త గారే. ఎందుకో ఆమెకు చెప్పలేదు, ఆమె అడగలేదు. సేటు పేర్లు చూపిస్తూ పోయాడు.

“గీయన మేజరు సాబ్, మంచోడు. పోయి ఎనిమిదేండ్లాయె.”

“పోయినాయనకు రోజూ మెయిలా?”

“పోతె పేరు కొట్టేస్తరా బిడ్డా? మా నాయిన ఒక్క పేరు కొట్టెయ్యలే.”

అక్కడే ఉంది అసలు తిరకాసు. మనిషి పోయాక, లేదా వాడకం మానేశాక, మెయిల్ కంపెనీలు ఆ పెట్టెను మూసేస్తాయి. కొన్నేళ్లు ఊరుకుని, వాటిలో కొన్నింటిని కాపలా కోసం మళ్లీ తెరుస్తాయి. వాటి వెనక మనిషి ఉండడు. కాబట్టి వాటికి మెయిల్ వచ్చిందంటే, పంపినవాడు ఎవరినీ అడక్కుండా పాత చిరునామాల మీద గుడ్డిగా వేస్తున్నాడని అర్థం. దీన్ని స్పామ్ ట్రాప్ అంటాం. సేటు ప్రతి పొద్దునా చేతులు జోడించి ఇలాంటి పెట్టెల్లో ఎన్నింటిని తడుతున్నాడో.

ఇదంతా చెప్పాను. ఆయన తెర మీద మేజరు పేరు దగ్గర వేలు పెట్టాడు.

“అంటె పోయినోళ్లే నా మీద ఫిర్యాదు జేసిన్రా?”

“అట్లనే అనుకోండి.”

“ఎదురుంగున్నోడు కాదు?”

“కాదు.”

మార్తమ్మ కూడా కాదు అని ఆయనా అనలేదు, నేనూ అనలేదు. బల్ల మీద తాళాలు నిన్న ఆమె పెట్టిన చోటే ఉన్నాయి.

మిగిలిన పని సులువే. బటన్ తీసేశాను. చిరునామాల్లో ఉన్నవాళ్లెవరో, మెయిల్ కావాలనేవాళ్లెవరో ఒక్కొక్కరినీ కనుక్కుని కొత్త పట్టిక వేయాలన్నాను. బ్లాక్‌లిస్ట్ వాళ్లకు ఈసారి దయ, సీజను ఊసెత్తకుండా జరిగింది జరిగినట్టు రాశాను. ఎవరు, ఎందుకు, ఎన్నాళ్లుగా పంపారో, ఇప్పుడేం మార్చామో. అదీ నా సొంత మెయిల్ నుంచి. నాలుగు రోజుల్లో రెండు జాబితాలు వదిలేశాయి, మూడోదానికి, డొమైన్ ఎక్కినదానికి వారం పట్టింది. అల్వాల్ బడి బ్యాడ్జీ నమూనా సకాలంలోనే చేరింది.

మార్త గారు సేటు ఫోన్ ఎత్తలేదు. చివరికి నా ఫోన్ ఎత్తింది. జరిగిందంతా చెప్పి, రమ్మన్నాను.

“వస్తానండీ. అయితే ఒక మాట. దర్జీలు, కౌంటర్ మీద ఉండే వాళ్లు అందరూ నన్ను దొంగని అనుకుంటున్నారు. మీరొచ్చి వాళ్లందరి ముందు, తప్పు మీదేనని చెప్పాలి.”

నా నోరు ఊరుకుంటుందా. “సేటు చెప్పినా సరిపోతది కదా మేడం? లేకపోతే నేను ఫోన్ స్పీకర్లో…”

“కాదండీ.”

“సీజను రష్‌లో అందరినీ ఆపి…”

“కాదండీ. మీరే రావాలి.”

నా జీవితంలో ఒక్క పైసా తగ్గని బేరం అదొక్కటే.

వెళ్లాను. కత్తెరలు ఆగాయి, గిరాకీలు ఇద్దరు కూడా తిరిగి చూశారు. గంటలు లెక్కపెట్టడం చేతకాక ఆమె మీద నింద వేశానని, మెయిళ్లు ఆమె పంపలేదని చెప్పాను. ఒక ముసలి దర్జీ, “మేం ముందే అనుకున్నం గాదమ్మా, ఆమె గట్ల జెయ్యదని” అన్నాడు. ఆ మాట నన్ను తిట్టినదానికంటే గట్టిగా తగిలింది. వాళ్లకు లాగ్ లేదు, నాకుంది. మార్త గారు తాళాలు తీసుకుని బీరువా తెరిచి, దర్జీ చెక్కు ఇచ్చారా లేదా అని సేటును అడిగింది. ఇవ్వలేదు.

ఇప్పుడు ఎవరైనా మెయిళ్లు తిరిగొస్తున్నాయని ఫోన్ చేస్తే, మీకెవరి మీద అనుమానం అని నేను అడగను. వాళ్లు చెప్పబోయినా ఆపుతాను. పొద్దున దుకాణం తెరిచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తారో వరసగా చెప్పమంటాను. నీళ్లు చల్లడంతో మొదలుపెట్టినా సరే, మధ్యలో అడ్డురాకుండా వింటాను.