వదినను నడవనివ్వలేదు

ఇది ఎన్నో ఏళ్లుగా నా గుండెల మీద కూర్చుంది. దించుకుందామంటే మనిషి దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా ఆయన అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. భర్త పోయాక ప్రొద్దుటూరులో మా ఇంట్లోనే ఉండేది. ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ అన్నారు. బస్సులో కడపకు తోడు వెళ్లింది నేనే. ఒకరోజు ఆమె లోపల చీర కట్టుకుంటుంటే డాక్టరు బయట నాతో అన్నాడు, రోజూ పొద్దున కాస్త చెమట పట్టేలా చురుగ్గా నడిపించమ్మా, నీరసం తగ్గుతుంది అని. సరేనని తలూపాను.

బస్సెక్కగానే వదిన అడిగింది. "ఏమ్మే, ఏం చెప్పినాడు డాక్టరు?"

"కదలొద్దని చెప్పినాడు వదినా. బాగా పండుకోవాలంట."

అంత సులువుగా ఎలా వచ్చింది నా నోటికి? అప్పుడు మా అమ్మాయికి జమ్మలమడుగు సంబంధం మాట్లాడుతున్నాం. పెళ్లికొడుకు మేనత్త మా వీధి చివరే ఉంటుంది, పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నడుస్తుంది. వదినకు గర్భసంచి ఆపరేషన్ అని వాళ్లకు చెప్పి ఉన్నాం. రేడియేషన్ కోసం మెడ దాకా గీసిన ఊదారంగు గీతలు, నల్లబడిన చర్మం ఆ మేనత్త కంట పడితే, ఈ జబ్బు వీళ్ల వంశంలోనే ఉందని సంబంధం వదులుకుంటారు. పోనీ, మిద్దె మీద నడిపించొచ్చు కదా? ఆ ఆలోచన నాకు తట్టలేదా? తట్టింది. చుట్టుపక్కల మిద్దెలవాళ్లు చూస్తారని తోసేశాను.

కడపకు పోయేటప్పుడు మెడ నిండా కొంగు కప్పి ఇంటి ముందే ఆటో ఎక్కించేదాన్ని. తక్కిన వేళల్లో వదిన లేవబోతే కసిరి పడుకోబెట్టేదాన్ని. అన్నం, నీళ్లు మంచం దగ్గరికే. చూసినవాళ్లందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆమె మాత్రం రోజురోజుకూ సోలిపోయింది. బాత్రూముకు పోయొస్తే ఆయాసం. జబ్బు తిరగబెట్టిందేమోనని గోడవైపు తిరిగి ఏడ్చేది. పక్కన కూర్చుని వీపు నిమిరాను గానీ నిజం చెప్పలేదు.

జబ్బు తగ్గింది. సత్తువ తిరిగి రాలేదు. నడిచి ఉంటే వచ్చేదా? ఎవరు చెప్పగలరు? ఆ మాటనే సాకుగా పట్టుకుని ఇన్నాళ్లూ బతికాను.

పెళ్లి ఆ ఇంటికే అయింది. అక్షింతలు వేయడానికి లేవలేకపోతే వదినను కుర్చీతో సహా మోసుకొచ్చారు. నా చేయి పట్టుకుని ఆ మేనత్తతో చెప్పింది. "మా మరదలు నన్ను కాలు కింద పెట్టనీలేదు. కన్నతల్లి మాదిరి చూసుకునింది." నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

చెప్పేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. పక్కగదిలోంచి వదిన పిలుస్తోంది. వెళ్లి లేపాలి, లేవడం ఆమె ఒక్కదాని వల్ల కాదు.