పిల్లి పళ్ళెంలో నీళ్ళు

మా ఏరాలు పోయింది. ఏరాలంటే తోటికోడలు, మా ఆయన అన్నగారి భార్య. నేను ఆవిడని అక్కా అన్నట్టు అప్పా అనే పిలిచేదాన్ని. కవిటి దగ్గర మా ఇళ్ళు రెండూ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. ఆ వేళ పొద్దెక్కాక వాకిట్లో కూర్చుని కొబ్బరి మట్టలు చీలుస్తున్నాను. ఎదురింట్లోంచి ఆవిడ కోడలు కేక పెట్టింది: "సిన్నత్తా, బేగి రా! అత్త పలకట్లేదు!" కత్తి అక్కడే పడేసి పరుగెత్తాను. గోడకి తల ఆనించి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. ముఖం కిటికీ వైపు తిరిగి ఉంది. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం మర్యాద. అవీ చెబుతాను. కానీ ముందు ఇంకో మాట ఉంది. పెద్దకర్మ కూడా కాకముందే వీధిలో ఒక కూత పుట్టింది. మా ఏరాలు పిల్లికి పెట్టిన నీళ్ళు దొంగతనంగా తాగేదట, ఆ నీళ్ళు గుండెల్లో నిండి చచ్చిపోయిందట. చెరువుగట్టు మీద ఒకరు, కిరాణా కొట్టు దగ్గర ఒకరు. చచ్చినావిడ లేచొచ్చి కాదని చెప్పలేదు కదా. నేనున్నాను. నేను చెబుతాను.

మా ఊళ్ళలో కిడ్నీల జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మా ఆయనా, మా బావగారూ దానితోనే పోయారు. ఏరాలికి కూడా కాళ్ళు పొంగడం మొదలైంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. డాక్టరు ఉప్పు మానమన్నాడు. కొబ్బరినీళ్ళు ముట్టొద్దన్నాడు. మంచినీళ్ళు చిన్న గ్లాసుతో కొలిచి తాగమన్నాడు. చుట్టూ కనుచూపు మేర కొబ్బరి తోటలు, ఇంటి పక్కనే బావి. వాటి మధ్య దాహంతో బతకమన్నాడు. విశాఖ తీసుకెళ్ళి రక్తం కడిగే మిషను మీద పెడితే ఇంకొన్నాళ్ళు ఉంటుందన్నారు. కొడుకు రెండు మూడు సార్లు తీసుకెళ్ళాడు. వచ్చాక మనిషి వడలిపోయేది. ఇంక ఒద్దురా అంది. అప్పటి నుంచి ఆ గదీ, ఆ నవారు మంచమూ, వీధి వైపు ఒక కిటికీ. అంతే ఆవిడ లోకం.

ఆ కిటికీ చువ్వలు పట్టుకుని ఒకరోజు నాతో అంది: "సెల్లే, పురిటి గదిలో పడుకోబెట్టినప్పుడు కూడా ఇలగే ఉండీది గాని, అప్పుడు పక్కలో ఒక పసిగుంట ఉండీది. ఎందుకు పడున్నామో తెలిసీది."

"ఊరుకో అప్పా, నాను బయటుండి పొడిసిందేటి?" అన్నాను. నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చేది.

ఒంట్లో బలం ఉన్న రోజుల్లో ఆవిడ పలాస వెళ్ళి జీడిపిక్కలు కొట్టేది. పిక్క పగలగొడితే దాని తొక్కలోంచి ఒక నల్లటి నూనె కారుతుంది. అది తగిలితే చర్మం కాలుతుంది, బొబ్బలెక్కుతుంది. చేతులకి ఆముదమో బూడిదో రాసుకుని పని చేస్తారు. అయినా వేళ్ళు నల్లబడక మానవు. పని నుంచి వచ్చాక ఉయ్యాలలో బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్నా ఆవిడ దగ్గరికి వెళ్ళేది కాదు. నూనె రాసి, తుడిచి, సబ్బుతో కడిగి, మళ్ళీ నూనె రాసి కడిగి, అప్పుడు ఎత్తుకునేది. నా పిల్లలూ ఆవిడ పిల్లలూ అలాగే పెరిగారు. "ముందు సెయ్యి కడుక్కో. పేమ ఎక్కడికీ పారిపోదు," అనేది. పిల్లలు ఏడుస్తుంటే నాకు ఆవిడ మీద కోపం వచ్చేది. ఆవిడ చలించేది కాదు.

పిల్లి సంగతికి వస్తాను. అది ఎవరి పిల్లీ కాదు. భావనపాడు నుంచి చేపలు తెచ్చి అమ్మే మనిషి గంప వెనకాల తిరుగుతూ వీధిలో ఉండిపోయింది. బూడిదరంగుది, కడుపు నేలకి ఆనుతోంది. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి గదిలోకి దూకి, ఆవిడ మంచం కింద పాత చీరలున్న బుట్టలో దూరింది. కోడలు చీపురు పట్టుకొచ్చింది.

"ఒగ్గీయే," అంది మా ఏరాలు. "నొప్పులతో వొచ్చిందాన్ని తోలీస్తావేటి? నీకు తోలీసినానా నాను?"

ఆ సాయంత్రమే మూడు పిల్లల్ని పెట్టింది. కళ్ళు తెరవనివి, చెవులు తలకి అంటుకుపోయినవి, చూస్తే ఎలుకపిల్లల్లా ఉన్నాయి. నేను వంగబోతే నా భుజం పట్టుకుంది. "ముట్టకే. తల్లి నాకి, పాలిచ్చి, మనల్ని సూసి కళ్ళు మూసుకున్నాక, అప్పుడు. అది కళ్ళు మూసుకుందంటే మనల్ని నమ్మిందన్నమాట." మూడు పూటలు గడిచినా ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. పిల్లలకి పాలు పడదామని నేను పితికిన ఆవుపాలు తెస్తే తిట్టింది. "పిల్లల మీద పేముంటే తల్లి కంచంలో సూపించు. పిల్లల సంగతి అది సూసుకుంటాది."

తల్లి కంచం అంటే మొదట నీళ్ళు. పాలిచ్చే జంతువుకి దాహం ఎక్కువ. మట్టి పళ్ళెం ఒకటి మంచం పక్కన పెట్టించింది. నిండుగా నీళ్ళు. పిల్లి బుట్టలోంచి వచ్చి లపలప తాగుతుంటే ఆవిడ దాని నాలుకనే చూసేది. గొంతు కదిలేది. చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని.

అప్పుడు ఆ తప్పు జరిగింది. మా వీధిలో ఆడవాళ్ళు అప్పటికి ఇళ్ళ దగ్గరే పిక్కలు కొడుతున్నారు. ఏరాలి కొడుకు ఆటోలో పలాస నుంచి బస్తా తెచ్చి పడేసేవాడు, కోడలు వసారాలో కూర్చుని కొట్టేది. ఒకరోజు పిల్లికూన ఒకటి బుట్టలోంచి జారి కీచుకీచుమంటోంది. కోడలు మంచిదే, జాలి పడింది. పని మధ్యలోంచి లేచొచ్చి నల్ల చేతులతోనే కూనని ఎత్తి బుట్టలో పెట్టింది. అత్త అప్పుడు కునుకు తీస్తోంది. తల్లిపిల్లి వచ్చి కూనని నాకింది. తల్లి చేసే పనే అది. మర్నాటికి కూన వీపు మీద బొబ్బ, తల్లి నోరంతా పుండు. తిండి ముట్టలేదు. నీళ్ళ దగ్గరికొచ్చి మూతి ముంచి వెనక్కి లాక్కుంది. పిల్లల్ని నాకడం మానేసింది.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. పుట్టిన కూన తనంత తాను ఒంటికి కూడా పోసుకోలేదు. తల్లి నాకితేనే పోసుకుంటుంది. నాకకపోతే కడుపుబ్బి చచ్చిపోతుంది. మా ఏరాలికి అది తెలుసు. కూనల పొట్టలు నొక్కి చూసి లేచి కూర్చుంది. ఎన్నాళ్ళ తర్వాతో అంత గట్టిగా పిలవడం విన్నాను.

"ఓలే సెల్లే! కొబ్బరినూనె, మెత్తటి గుడ్డ, గోరెచ్చటి నీళ్ళు పట్రా!"

కాలిన కూనకి మొదట నూనె అద్ది, పొడిగుడ్డతో ఒత్తి తీసింది. రుద్దనివ్వలేదు. జీడినూనె వదిలిందని వాసన చూసుకున్నాక అప్పుడు తడిగుడ్డ. తర్వాత ఒక్కో కూననీ అరచేతిలో వెల్లకిలా కాకుండా బోర్లా పెట్టుకుని, తడిపిన గుడ్డతో తోక కింద మెల్లగా, తల్లి నాలుక ఎలా వెళ్తుందో అలా రాసింది. కూన సన్నగా పోసుకుంది. "హమ్మయ్య, నా తల్లే," అంది. ఈవిడకి ఒంట్లో నీళ్ళు బయటికి పోక ఒళ్ళు ఉబ్బిపోయి ఉంది. అరచేతిలో ఆ నాలుగు చుక్కలు చూసుకుని ఎంత సంబరపడిందో!

కోడలు గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. "నాను కావాలని సేసినానేటత్తా?"

"కావాలని సేసినావని ఎవులన్నారే? ఏడుపాపి, సేపముక్క ఉడకబెట్టు. నాకు పెట్టినట్టే. ఉప్పు లేకుండా, కారం లేకుండా."

పుండు నోటికి ఉప్పు తగలకూడదు. ఈవిడకీ కూడదు. ఒకే గిన్నెలో ఉడికిన చప్పటి చేప, ముళ్ళు తీసి మెత్తగా పిసికి, సగం పిల్లికి, సగం ఆవిడకి. ఆ చప్పటి కూడు ముందు పెట్టుకుని రోజూ కన్నీళ్ళు పెట్టుకునే మనిషి, పిల్లి వేలి మీంచి నాకి తింటుంటే తనూ తినేసింది. "ఈ ఇంట్లో నాకు సాటిది దొరికింది సెల్లే," అంది.

పూటపూటకీ అదే పని. కూనలకి తుడవడం, తడిసిన చీరముక్క తీసి పొడిది వెయ్యడం, తల్లికి గంజితేట పట్టడం. మంచం దిగలేని మనిషి బుట్టని మంచం మీదకే ఎక్కించుకుంది. వీధిలోవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఉబ్బసమట. నేనన్నాను, కొత్త రోగం రావాలంటే ఒంట్లో ముందు చోటుండాలి కదా అని.

అప్పటి నుంచే ఆ పళ్ళెం మీద కోడలికి అనుమానం. ఆ పిల్లని తప్పు పట్టను. నీళ్ళు కొలిచి పొయ్యడం, అత్త ఇంకొంచెం అని అడిగితే లేదనడం, ఆ పాపిష్టి పని దాని నెత్తినే పడింది. ఒకరోజు అనేసింది: "అత్తా, ఆ పల్లెం వసారాలో పెడతాను. పిల్లి అక్కడికొచ్చి తాగుతాది."

ఏరాలి ముఖం మాడిపోయింది. "పుండునోటి బాలింత వసారాకి ఎల్లాలేటి? సెప్పు, సాటుగా నాను తాగుతానని గదా నీ బయం?"

కోడలు వంగి పళ్ళెం అంచు పట్టుకుంది.

"ఉండనీ. అక్కడే ఉండనీ," అంది ఏరాలు.

నేను మాత్రం ఆగలేకపోయాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెవిలో చెప్పాను. "అప్పా, ఒక లేత బొండాం కొట్టుకొస్తాను. ఒక్క గుక్క. ఎవులికీ తెలీదు."

"నీకు తెలుస్తాది గదే. రేపు నాను పోతే, నా బొండామే సంపీసిందని జీవితమంతా కుళ్ళుతావు. ఒద్దు. ఆ గుడ్డ తడిపి ఇలగియ్యి." తడిగుడ్డ పెదాల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నా మేలు కోసం దాహం ఓర్చుకున్న మనిషి, పిల్లి ఎంగిలి నీళ్ళు దొంగిలిస్తుందా? ఆవిడ పక్కన కూర్చున్నది నేను. పళ్ళెం వైపు చూసి చూసి గోడ వైపు తిరిగిపోవడం చూసింది నేను. చెరువుగట్టు మీద కూతలు కూసేవాళ్ళలో ఒక్కరైనా ఆ గడప తొక్కారా? చెయ్యి చాచితే అందే నీళ్ళు. అన్నాళ్ళూ చెయ్యి చాచలేదు. ఆవిడని చంపింది ఒంట్లోంచి పోని నీళ్ళు, మా మొగుళ్ళని చంపినట్టే. ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

కూనలు కళ్ళు తెరిచిన రెండు మూడు రోజులకే ఆవిడ పోయింది.

స్నానం చేయించి పాడె మీద పడుకోబెట్టాక, ఎవరో పిల్లి బుట్టని కిందికి దించి ఆ నవారు మంచం బయటికి ఈడ్చేశారు. గది కడగాలని బిందెలు తెచ్చారు. పిల్లికి ఉండే చోటు పోయింది. పాడె భుజాల మీదికెత్తి వీధిలోకి వచ్చారో లేదో, గుమ్మంలోంచి తల్లిపిల్లి వచ్చింది. నోట్లో కూన. సరిగ్గా పాడె ముందు నుంచి వీధి దాటి మా ఇంట్లోకి పోయింది. డప్పు ఆగిపోయింది.

"పిల్లి అడ్డొచ్చిందిరా," అన్నాడు ముందు మోస్తున్న ముసలాయన. ఇంకొకడు రాయి తీశాడు. పిల్లి మళ్ళీ మా ఇంట్లోంచి వచ్చి ఎదురింట్లోకి వెళ్ళింది.

"రాయి కింద పడీరా!" అని అరిచాను. "సచ్చినోళ్ళకి సకునమేట్రా? ఆవిడికి ఇప్పుడు సెడ్డానికి ఏ పనుంది? పాడె దింపకండి, దాన్ని తోలకండి. రెండో దాన్నీ మూడో దాన్నీ తెచ్చుకోనీండి. నిలబడండంతే!"

నిప్పుకుండ పట్టుకున్న కొడుకు వెనక్కి తిరిగి, "నిలబడండి," అన్నాడు.

నిలబడ్డారు. ఎండ నెత్తిమీదుంది. మోసేవాళ్ళ మెడల మీంచి చెమట కారుతోంది. సముద్రపు గాలికి తలుపు కొట్టుకోకుండా కోడలు రెక్కని రెండు చేతులతో పట్టుకుని, చీరకుచ్చిళ్ళు పక్కకి లాక్కుని దారిచ్చింది. పుండు మానిన ఆ నోటితో కూనని మెడ దగ్గర పట్టుకుని, తొందర లేకుండా, పాడె నీడలోంచి పిల్లి వీధి దాటుతోంది.